యతి, యేతి, కింపురుషుడు: ఒక పేరు మీద చర్చ

పాలపిట్ట:

పిల్లల పత్రిక ఒకదానికి హిమాలయ జంతువుల మీద వ్యాసం రాస్తున్నాను. మంచు చిరుత, కస్తూరి మృగం, జడల బర్రె దాకా కలం సాఫీగా నడిచింది. మంచుకొండల్లో మనిషిలా నిలబడి తిరుగుతుందని చెప్పుకునే యేతి దగ్గర ఆగిపోయింది. ఆ జంతువు ఉందా లేదా అని కాదు, పేరు ఎలా రాయాలో తేలక. 2019 ఏప్రిల్‌లో మన సైన్యం పర్వతారోహకులు మకాలూ బేస్ క్యాంపు దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ఉన్న అడుగుజాడలు చూశారని ప్రకటన వచ్చింది కదా. అప్పుడు తెలుగులో యతి, యెతి, యేతి, మంచు మనిషి, అన్ని రూపాలూ కనిపించాయి. నేను చిత్తుప్రతిలో ‘యతి’ అనే రాశాను.

నిన్న సాయంత్రం మా అక్క కూతురు దాన్ని బయటికి చదివింది. నాలుగో తరగతి. ‘మంచులో యతి అడుగుజాడలు కనిపించాయి’ అన్న వాక్యం దగ్గర తలెత్తి, “పిన్నీ, అంత చలిలో చెప్పులు లేకుండా తిరుగుతారా?” అని అడిగింది. వాళ్ల దేవుడి గదిలో రామానుజుల వారి పటం ఉంది. యతిరాజు అంటే ఆయనేనని నానమ్మ చెప్పింది. పిల్ల కళ్లకు కనిపించింది కాషాయం కట్టుకుని మంచులో నడిచే సన్న్యాసి. ఆ పిల్లకు తెలిసిన తెలుగు సరైనదే. తప్పు నా వాక్యానిదే అనిపించింది.

రెండు ప్రశ్నలు. ఈ జంతువు పేరు తెలుగులో ఎలా రాయాలి? గొరిల్లా, చింపాంజీ, ఒరాంగుటాన్ లాంటి తోక లేని పెద్ద కోతులన్నిటికీ కలిపి మనకు ఒక్క మాట ఉందా?

ఛందోభిమాని:

మొదటిదానికి నా సమాధానం ఒక్కటే. దయచేసి ‘యతి’ అని రాయకండి. ఆ మాటకు తెలుగులో ఇప్పటికే రెండు పనులున్నాయి. ఒకటి సన్న్యాసి, రెండోది పద్యంలో యతి. రెండూ ఒకటే మాట అనుకుంటారు గానీ ధాతువులు వేరు. సన్న్యాసి యతి ‘యత్’ నుంచి వచ్చింది, ప్రయత్నం చేసేవాడు, సాధకుడు. పద్యంలో యతి ‘యమ్’ నుంచి వచ్చింది, అదుపు చేయడం, ఆపడం. సంస్కృతంలో అది చదువుతూ ఆగే చోటు. సంస్కృత ఛందస్సుకు సూత్రాలు రాసిన పింగళుడు ‘యతిర్విచ్ఛేదః’, అంటే యతి అంటే విరుపు అని ఒక్క ముక్కలో చెప్పాడు. మన దగ్గరికి వచ్చేసరికి ఆగడం పోయి, ఆ చోట పాదం మొదటి అక్షరానికి చెలిమి ఉన్న అక్షరం రావాలన్న నియమం అయింది.

హిమాలయం మాట వచ్చింది కాబట్టి అక్కడి పద్యమే చూడండి. ప్రవరుడు పాదలేపం పూసుకుని వెళ్లి మంచుకొండను చూసిన పద్యం, పెద్దన గారిది: ‘అటఁజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ’. చంపకమాల, పదకొండో అక్షరం యతిస్థానం. అక్కడ ‘డం’ కనిపిస్తుంది. విడదీస్తే ‘భూమిసురుఁడు + అంబర’. మొదట ఉన్న ‘అ’కు సంధిలో దాగిన ఈ ‘అ’తో చెలిమి. తెలుగు చదువుకున్న ప్రతి ఒక్కరికీ హిమాలయంలో తెలిసిన యతి ఇదే! ఇన్ని వందల ఏళ్లుగా ఒక మాట రెండు బరువులు మోస్తోంది. మూడోది ఎత్తితే పిల్లలే కాదు, పెద్దలూ తడబడతారు.

పాతపుస్తకం:

ఛందోభిమాని గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంకో కారణం కూడా ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యం. ‘యతి’ అని రాసిన క్షణంలో ఆ పేరులో ఉన్న జంతువు మాయమవుతుంది.

యేతి షెర్పాల మాట. ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ ప్రకారం ‘యే’ అంటే రాయి, బండ. ‘తే’ అంటే ఎలుగు. టిబెటన్ రాతలో ఈ రెండో ముక్క ‘ద్రెద్’ అని ఉంటుంది, గోధుమ రంగు ఎలుగుకు అక్కడి పేరే అది. షెర్పాల దగ్గర ‘తే’తో ముగిసే పేర్లు మరికొన్ని ఉన్నాయి. ‘జూ-తే’ పశువుల మీద పడే ఎలుగు. ‘మి-తే’ మనిషి ఎలుగు, ‘మి’ అంటే మనిషి. మనం ఎలుగు అన్న మాటకు ముందు ఏదో ఒకటి చేర్చి రకాలు చెప్పుకున్నట్టే వాళ్లూ చెప్పుకున్నారు. అంటే ఈ జంతువు ఏమిటన్న ప్రశ్నకు సగం జవాబు ఆ పేరే చెబుతోంది. దాన్ని సన్న్యాసిగా మార్చేశాక ఆ జవాబు వినే దారి మూసుకుపోతుంది.

‘మంచు మనిషి’ కథ వేరు. 1921లో బ్రిటిష్ వాళ్లు ఎవరెస్టు దారి వెతకడానికి మొదటిసారి వెళ్లినప్పుడు నాయకుడు హోవార్డ్-బరీ లక్పా లా అనే కనుమ దగ్గర మంచులో పెద్ద అడుగులు చూశాడు. తోడేలు పరుగెత్తిన జాడలు అయి ఉంటాయని అనుకున్నాడు. వెంట ఉన్న కూలీలు మాత్రం ‘మెతో-కాంగ్మి’ అన్నారు. ‘కాంగ్’ మంచు, ‘మి’ మనిషి. అంటే ‘మంచు మనిషి’ అన్న మన మాట ఆ రెండో ముక్కకు సరైన అనువాదమే. చెడిపోయింది మొదటి ముక్క. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికకు రాసే హెన్రీ న్యూమన్ ‘మెతో’ అంటే మురికి, రోత అని అర్థం చేసుకుని, ఇంగ్లీషులో ‘రోత పుట్టించే మంచు మనిషి’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. అది ‘మి-తే’కు వికృతి అయి ఉంటుందని, అంటే అక్కడా ఉన్నది ఎలుగేనని తరువాతి వాళ్లు చూపించారు. ఒక పాత్రికేయుడి పొరపాటు వందేళ్లు ప్రపంచమంతా తిరిగింది. మనం మరొకటి చేర్చవద్దు.

కొండదారి:

ఒక చిన్న అభ్యంతరం. నేపాలీలోనే ‘యతీ’ అని రాస్తారు, అక్కడి బోర్డుల మీద నేను చూశాను. పక్కనున్న భాషే అలా రాస్తున్నప్పుడు మనం రాస్తే నేరమా?

పేరు సంగతి ఎలా ఉన్నా, చూసింది చెబుతాను. నాలుగేళ్ల కిందట ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో ఖుమ్‌జుంగ్ ఊళ్లో ఒక రోజు ఆగాం. దాదాపు 3,790 మీటర్ల ఎత్తు. అక్కడి బౌద్ధ ఆలయంలో అద్దాల పెట్టెలో తాళం వేసి ‘యేతి నెత్తి’ని ఉంచారు. కొన తేలిన టోపీలా ఉంటుంది. ఎర్రటి గోధుమ రంగు వెంట్రుకలు, కొబ్బరి పీచులా బిరుసుగా. నడినెత్తిన ముందు నుంచి వెనక్కి వెంట్రుకలు గట్టులా లేచి ఉన్నాయి. అద్దానికి ముఖం ఆనించి చూస్తే నా ఊపిరి ఆవిరి పట్టి మసకబారింది, తుడుచుకుంటూ చూశాను. పక్కనే ఉన్న పెద్దావిడ చేతులు జోడించింది. నేనూ జోడించాను.

1960లో హిల్లరీ బృందం దీన్ని ఆరు వారాల గడువుకు అరువు తీసుకుని, ఊరి పెద్ద ఖున్‌జో చుంబిని తోడు పెట్టుకుని షికాగో, పారిస్, లండన్ తిప్పి శాస్త్రవేత్తలకు చూపించింది. తేలింది ఏమిటంటే, సెరో అనే కొండమేక లాంటి జంతువు చర్మాన్ని అచ్చు మీద సాగదీసి చేసిందని. ఆ తీర్పు నాకు తెలిసే అక్కడికి వెళ్లాను. అయినా ఆ గదిలో నిలబడినప్పుడు అది నకిలీ అన్న మాట నోట రాలేదు. ఎవరినో మోసం చేయడానికి చేసినట్టు లేదు, ఊరి పండుగలో వాడే వస్తువులా ఉంది.

పాతపుస్తకం:

కొండదారి గారూ, నేపాలీ వాళ్ల రాత గురించి మీరన్నది నిజమే. కానీ ఆ మాట వాళ్ల చెవికి రోజూ పడుతుంది. ఏ యతి గురించి మాట్లాడుతున్నారో వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. మన చెవికి పడే యతి రామానుజుల వారు, లేదా పద్యం. అందుకే వాళ్లకు చెల్లినది మనకు చెల్లదు.

ఇంకొక మాట. యేతి అన్నది సంస్కృత ‘యతి’ నుంచే వచ్చింది, హిమాలయాల్లో తపస్సు చేసే జడధారుల్ని చూసి అలా పిలిచారు అని వాదించేవాళ్లు ఉన్నారు. వినడానికి బాగుంటుంది. ‘తే’తో ముగిసే మిగతా పేర్లన్నిటికీ ఆ వాదం జవాబు చెప్పలేదు కాబట్టి నేను ఒప్పుకోలేను. అయితే వేదంలో యతులకూ ఒక వింత మృగానికీ ముడి ఉంది. ఇంద్రుడు యతులను సాలావృకాలకు అప్పగించాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. సాలావృకం అంటే తోడేలని కొందరు, దుమ్ములగొండి అని కొందరు. అమరకోశం నానార్థాల్లో ‘శాలావృకాః కపిక్రోష్టుశ్వానః’ అని ఉంది. కోతి, నక్క, కుక్క, మూడూ! మృగం ఏదో తెలియకుండా పేరు మాత్రం మిగిలితే నిఘంటువు ఎంత అవస్థ పడుతుందో చూడండి. యేతికి మనం ఆ అవస్థ తేకూడదనే నా పట్టు.

జీడితోట:

మాది ఉద్దానం. ఈ చర్చ చదువుతుంటే మా తోట గుర్తొచ్చి రాస్తున్నాను. ఎలుగులు మాకు పురాణం కాదు. జీడిమామిడి పండ్ల కాలంలో తోటల్లోకి వస్తాయి. కొబ్బరి తోటల్లోకీ వస్తాయి. మనుషులు గాయపడ్డారు, చనిపోయారు కూడా. తెల్లవారుజామున ఒంటరిగా తోటకు వెళ్లవద్దని ఇంట్లో ఇప్పటికీ చెబుతారు.

ఒకసారి తెలతెలవారుతుండగా మా నాన్నతో గట్టు మీద నడుస్తున్నాను. పొగమంచు. చెట్ల మధ్య ఎవరో నిలబడి ఉన్నారు. భుజాలు కిందికి జారి, చేతులు వేలాడుతూ, మా వైపే చూస్తున్నట్టు. నాన్న “ఎవరది?” అని కేకేయబోయి ఆగిపోయాడు. ఆ మనిషి ముందుకు వాలి నాలుగు కాళ్ల మీద పడి చెట్లలోకి వెళ్లిపోయాడు. ‘వెళ్లిపోయింది’ అని రాయాలి, కానీ ఆ క్షణంలో మా మనసులో ఉన్నది ‘వెళ్లిపోయాడు’ అన్నదే. వాసన కోసం, చుట్టూ చూడటం కోసం ఎలుగు వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది. అప్పుడు దాన్ని మనిషి అనుకోనివాడు లేడు.

తరువాత తడి ఇసుకలో అడుగులు చూశాం. మడమ, అరికాలు, అయిదు వేళ్లు, అన్నీ ఉన్నాయి. చూడగానే మనిషి పాదమే. వంగి చూస్తే తేడా తెలిసింది. వేళ్ల గుర్తులు దాదాపు ఒకే గీత మీద పేర్చినట్టున్నాయి. వాటికి ముందు జానెడు కాకపోయినా బాగా దూరంగా గోళ్లు గీరిన గుర్తులు. మా ఎలుగే ఇంత మనిషిలా కనిపిస్తే, మంచులో ఎండకు కరిగి వెడల్పైన అడుగు ఎంత పెద్ద మనిషిని పుట్టిస్తుందో!

కొండదారి:

జీడితోట గారూ, ఒళ్లు జలదరించింది. మంచు గురించి మీరు ఊహించింది సరిగ్గా అంతే. నడిచేటప్పుడు ఎలుగు ముందు పాదం మోపిన చోట వెనక పాదం కొంత పడుతుంది. రెండు గుర్తులు కలిసి ఒక పొడుగాటి పాదంలా అవుతుంది. ఎండకు అంచులు కరిగితే ఇంకా పెరుగుతుంది. 1951లో మెన్‌లుంగ్ హిమానీనదం మీద ఎరిక్ షిప్టన్ మంచుగొడ్డలి పక్కన పెట్టి తీసిన ఫొటో ప్రపంచమంతా చూసింది, ఆ ఒక్క ఫొటో మీద వాదన ఇంకా తెగలేదు. 2017లో అమెరికా బఫెలో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త షార్లెట్ లిండ్‌క్విస్ట్ బృందం యేతివని దాచిన ఎముక, చర్మం, వెంట్రుకల లాంటి 9 నమూనాల జన్యువులు పరీక్షించింది. 8 ఎలుగులవి, ఒకటి కుక్కది. టిబెట్ గోధుమ ఎలుగు, హిమాలయ గోధుమ ఎలుగు, ఆసియా నల్ల ఎలుగు అని రకాలతో సహా తేలింది. 2019లో మన సైనికులు చూసిన జాడల గురించి కూడా నేపాల్ సైన్యం వైపు నుంచి అవి ఎలుగువే అన్న మాట వచ్చింది.

‘రాతి ఎలుగు’ అని పేరు పెట్టిన షెర్పాలే సరిగ్గా చెప్పారన్నమాట. నా ‘యతి’ అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను.

ఛందోభిమాని:

నాకు ఒక ఆలోచన. విదేశీ మాట ఎందుకు, ‘యక్ష గంధర్వ కిన్నెర కింపురుషాదులు’ అని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. ఆ కింపురుషుడే యేతి అనుకుంటే? పురాణాల ప్రకారం కింపురుష వర్షం (వర్షం అంటే ఇక్కడ భూభాగం) ఉండేది హిమవంతానికి ఆవల, హేమకూటం అనే కొండకు ఈవల. పైగా భాగవతం పంచమ స్కంధంలో ఆ వర్షంలో కింపురుషులతో కలిసి రాముణ్ణి కొలిచేది హనుమంతుడు. చోటు కుదిరింది, కోతి రూపమూ కుదిరింది.

పాతపుస్తకం:

చోటు కుదిరినందుకు నాకూ ముచ్చటగానే ఉంది. కానీ కింపురుషుడి చరిత్ర తెలిస్తే ఆ పేరు ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాదు. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

‘కిం’ అంటే ప్రశ్న. ‘కింపురుషః’ అంటే ‘ఏం పురుషుడు?’ అని. ఆ ప్రశ్నలో తిరస్కారం ఉంది. ‘కిం క్షేపే’ అని పాణిని సూత్రం, నింద తోచేటప్పుడు ‘కిం’ సమాసంలో చేరుతుంది. దానికి చెప్పే ఉదాహరణ ‘కింరాజా యో న రక్షతి’, రక్షించని వాడు ఏం రాజు అని. మన తెలుగులో ‘నువ్వూ ఒక మనిషివేనా’ అంటే నిజంగా అడుగుతున్నట్టు కాదు కదా, సరిగ్గా అదే. అయితే అదే ప్రశ్నను అడవిలో పొదల చాటున కనిపించినదాన్ని చూసి అడిగితే తిరస్కారం పోయి అబ్బురం మిగులుతుంది. జీడితోట గారి నాన్న నోటిదాకా వచ్చి ఆగిన ‘ఎవరది?’ అన్న మాట అదే.

ఐతరేయ బ్రాహ్మణంలో ఈ కింపురుషుడి పుట్టుక ఉంది. దేవతలు మొదట పురుషుణ్ణే యజ్ఞపశువుగా తీసుకున్నారు. అతనిలోని మేధం, అంటే యజ్ఞానికి పనికివచ్చే సారం, అతన్ని వదిలి గుర్రంలో చేరింది. సారం పోయిన పురుషుడు కింపురుషుడయ్యాడు. గుర్రాన్ని పట్టుకుంటే సారం ఆవులోకి పోయింది, గుర్రం గౌరమృగమైంది. ఆవు నుంచి గొర్రెలోకి పోతే ఆవు గవయమైంది, అంటే అడవి ఎద్దు. గొర్రె నుంచి మేకలోకి పోతే గొర్రె ఒంటె అయింది. మేకను కూడా వదిలేస్తే మేక శరభమైంది. చివరికి ఆ సారం భూమిలోకి దిగి వరి అయింది.

ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే. యజ్ఞం సంగతి పక్కన పెట్టి చూడండి. ఇది ఒక ప్రకృతి శాస్త్రం. ఊళ్లో ఉన్న ప్రతి ప్రాణికీ అడవిలో ఒక జోడీ. గుర్రానికి ఒకటి, ఆవుకు ఒకటి, గొర్రెకు ఒకటి, మేకకు ఒకటి. మరి మనిషికి? వాళ్లు ఆ గడిని ఖాళీగా వదలలేదు. మనిషికీ అడవిలో ఒక జోడీ ఉండాలి అని లెక్క కట్టి, అక్కడ కింపురుషుణ్ణి నిలబెట్టారు. ఈ కింపురుషుడు కోతి అయి ఉంటాడని చాలామంది పండితుల అభిప్రాయం. గవయం నిజం, ఒంటె నిజం, శరభం దగ్గరికి వచ్చేసరికి తరువాతి వాళ్లు ఎనిమిది కాళ్ల మృగాన్ని ఊహించారు. ఒకే పట్టికలో నిజం, ఊహ పక్కపక్కన కూర్చున్నాయి.

ఇలా గడి పెట్టి నింపినవాళ్లు మనవాళ్లే కాదు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో ప్రాణుల పట్టిక రాస్తూ మనిషికి ‘హోమో సేపియన్స్’ అని పేరు పెట్టి, పక్కనే ‘హోమో ట్రోగ్లొడైటిస్’ అని, గుహల్లో ఉండి రాత్రిళ్లు తిరిగే మరో మనిషికి చోటిచ్చాడు. దూరదేశం వెళ్లివచ్చిన వాళ్లు చెప్పినవి విని రాశాడు. ఒరాంగుటాన్ కబుర్లూ అందులో కలిశాయి. ఆ పేరు మలయ్ మాట, ‘ఒరాంగ్’ మనిషి, ‘హుటాన్’ అడవి. 1832లో నేపాల్‌లో ఉన్న బ్రిటిష్ అధికారి హాడ్జ్‌సన్ తన వేటగాళ్లు నిటారుగా నడిచే, తోక లేని, ఒంటినిండా వెంట్రుకలున్న జంతువును చూసి భయపడి పారిపోయారని రాసినప్పుడు, అది ఒరాంగుటాన్ అయి ఉంటుందనే అనుకున్నాడు. గొరిల్లా కథ ఇంకా పాతది. కార్తేజ్ నావికుడు హన్నో ఆఫ్రికా తీరంలో ఒంటినిండా వెంట్రుకలున్న ‘మనుషుల’ను చూశాడు, ముగ్గురు ఆడవాళ్లను పట్టుకుని చంపి చర్మాలు తీసుకెళ్లాడు. దుబాసీలు చెప్పిన ‘గొరిల్లాయ్’ అన్న ఆ పేరునే రెండు వేల ఏళ్లు దాటాక, 1847లో, థామస్ సావేజ్ నిజమైన జంతువుకు పెట్టాడు. హన్నో చూసింది కోతులనో మనుషులనో ఇప్పటికీ తేలలేదు. మనుషులే అయి ఉంటే ఆ చర్మాల మాట తలచుకోవడానికే భయంగా ఉంది.

మళ్లీ కింపురుషుడి దగ్గరికి. అమరకోశం నాటికి అతను పూర్తిగా మారిపోయాడు. ‘స్యాత్కిన్నరః కింపురుషస్తురంగవదనో మయుః’ అంటూ కిన్నరుడు, కింపురుషుడు, గుర్రం ముఖం వాడు, అన్నీ ఒక్కటే చేసేశారు. కోతి పోయి గుర్రం వచ్చింది, దేవలోక గాయకుడయ్యాడు. అందుకే ఛందోభిమాని గారూ, ఇప్పుడు తెలుగులో కింపురుషుడు అంటే పిల్లలకు తట్టేది ఆకాశంలో పూలు చల్లే గుంపు. అతన్ని మళ్లీ మంచులోకి దింపలేం.

ఛందోభిమాని:

ఒప్పుకున్నాను. మరి ‘వానరం’? ‘వా నరః’, మనిషా కాదా అన్నది కూడా ఇలాంటి ప్రశ్నే కదా?

పాతపుస్తకం:

అది అందరికీ నచ్చిన వ్యుత్పత్తి, నాకూ నచ్చుతుంది. కానీ వ్యాఖ్యాతలు ‘వానం’, అంటే అడవిలో దొరికే పండ్లూ అవీ, తీసుకునేది అని చెప్పారు. ‘వనం’తో ముడిపెట్టడమే పద్ధతి. అయినా జనం చెవికి ‘నర’ వినపడింది, అది మరచిపోలేకపోయారు.

రామాయణంలో మరో సంగతి చూడండి. బాలకాండలో దేవతల సంతానాన్ని ‘ఋక్షవానరగోపుచ్ఛాః’ అన్నారు. ఎలుగులు, కోతులు, కొండముచ్చులు ఒకే సమాసంలో, ఒకే సైన్యంలో. వాలి సుగ్రీవుల తండ్రి కోతుల రాజు, పేరు ఋక్షరజసుడు, మొదటి ముక్క ఎలుగు! మనిషిలా నిలబడేది ఎలుగా, కోతా అన్న తికమక షెర్పాల కొండల్లోనే కాదు, మన ఇతిహాసంలోనూ ఉంది.

పాలపిట్ట గారి రెండో ప్రశ్నకు: తోక లేని ఆ జాతికి అచ్చ తెలుగు మాట లేదు, ఉండే అవకాశమూ లేదు. కోతి ఉంది, కొండముచ్చు ఉంది, తెలంగాణలో కొండెంగ అంటారు. మన అడవుల్లో ఉన్నవి అవే. భారతదేశంలో ఆ జాతివి హూలాక్ గిబ్బన్లు మాత్రమే, అవీ ఈశాన్యంలోనే. చూడని జంతువుకు పేరు పెట్టనందుకు మన భాషను తప్పుపట్టలేం. ‘తోక లేని కోతులు’ అని వివరంగా రాయండి, లేదా మొదట ఒకసారి చెప్పి ‘వానరాలు’ అని వాడండి. వాడగా వాడగా స్థిరపడుతుంది.

కొండదారి:

యేతి నిజంగా వానరమే అనేవాళ్లు చూపించే ఒక జంతువు గురించి కూడా వ్యాసంలో రాయండి, పిల్లలకు నచ్చుతుంది. 1935లో వాన్ కోనిగ్స్‌వాల్డ్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్ మందుల దుకాణంలో ‘డ్రాగన్ పళ్లు’ అని అమ్ముతున్న వాటిలో ఒక పెద్ద దవడ పన్ను చూసి గుర్తుపట్టాడు, అది ఇప్పుడు లేని ఒక పెద్ద వానరానిదని. జైగాంటోపిథెకస్ అని పేరు పెట్టాడు. ఇప్పటికీ దాని గురించి మనకు దొరికినవి నాలుగు దవడలు, రెండు వేల దాకా పళ్లు. మిగతా ఒళ్లంతా ఊహే. 2024లో వచ్చిన పరిశోధన ప్రకారం 2,95,000 నుంచి 2,15,000 ఏళ్ల కిందట అంతరించింది. షెర్పాలు ఆ కొండలకు చేరింది కొన్ని వందల ఏళ్ల కిందటే.

పాలపిట్ట:

అందరికీ ఎంతో రుణపడ్డాను. రాత్రంతా వ్యాసం తిరగరాశాను. ‘యతి’ అన్ని చోట్లా తీసేశాను. ‘మంచు మనిషి’ని ఒక్కచోట, కాంగ్మి కథ చెప్పేటప్పుడు ఉంచాను. ఇప్పుడు మొదటి వాక్యం ఇలా ఉంది: ‘యేతి అంటే షెర్పాల భాషలో రాతి ఎలుగు.’ పొద్దున మా అక్క కూతురు చదివి, “మరి రాతి మీద ఏం తింటుంది?” అని అడిగింది. ఈసారి జంతువునే చూసింది.

ఒక సందేహం మిగిలింది. ‘రాతి ఎలుగు’ రెండు మాటలుగా రాయాలా, కలిపేయవచ్చా?

ఛందోభిమాని:

కలిపితే ఇకార సంధి, ‘రాతెలుగు’ అవుతుంది. కన్ను దాన్ని ‘రా, తెలుగు’ అని విరుస్తుంది. విడిగానే ఉంచండి.

జీడితోట:

షెర్పాల ‘యే’ అంటే బండ కూడా అన్నారు కదా. కొండ ఎలుగును కొండెలుగు అన్నట్టు ‘బండెలుగు’ అంటే? ఇందాక మా నాన్నకు ఈ మాట చెప్పి ఏం తోస్తోందని అడిగాను. “బండల్లో ఉండే ఎలుగు. దాన్ని ఎక్కడ చూశావు?” అన్నాడు.